కుడి వెనక చక్రం

ఉత్తరాన మంచుదేశంలో, ఇనారి సరస్సు ఒడ్డున అక్టోబరు వచ్చిందంటే మగవాళ్లందరికీ ఒకటే పని. వాకిట్లో జాకీ వేసి, మోకాళ్ల కింద పాత గోనెపట్టా పరుచుకుని, ఎండాకాలం చక్రాలు విప్పి, మంచు మీద జారకుండా మేకులు దిగేసిన టైర్లున్న చలికాలం చక్రాలు బిగించడం. పెళ్ళాం బండికి, కూతురి బండికి, తల్లి బండికి, ఒక్కోసారి విడాకులిచ్చిన పెళ్ళాం బండికి కూడా. ఎవరు ఎవరి వాకిట్లో చక్రాలు మారుస్తున్నారో చూసుకుంటే చాలు, ఆ ఊళ్లో ఎవరి మనసు ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఐలా బండికి తౌనో చక్రాలు మారుస్తాడు. మొగుడే కదా, మార్చక ఏం చేస్తాడు? బాగానే మారుస్తాడు కూడా. ఐలాకి మండేది ఆ తర్వాత జరిగేదానికి. ఆమె బండి పని ముగించి, చేతులు దులుపుకుని, షెడ్డులోకి వెళ్లి గోడకి కొక్కేలకి వేలాడుతున్న వేరే నాలుగు చక్రాలు దించుతాడు. గోరువెచ్చటి నీళ్లు తెచ్చి కడుగుతాడు. గుడ్డతో తుడుస్తాడు. ఒక్కోదానికీ గాలి చూసి, తగ్గితే కొట్టి, మళ్లీ కొక్కేనికి తగిలిస్తాడు. అవి కైసువి. కైసు అంటే తౌనో మొదటి పెళ్ళాం. చచ్చిపోయి నాలుగేళ్లయింది.

చచ్చిపోయింది కూడా చక్రాల వల్లే. ఓ అక్టోబరు సాయంత్రం, రోడ్డు మీద కంటికి కనపడని మొదటి మంచు పేరుకున్నప్పుడు, సరస్సు పక్క మలుపులో ఆమె బండి జారి నీళ్లలోకి పోయింది. బండికి ఇంకా ఎండాకాలం టైర్లే ఉన్నాయి. అప్పుడే కొన్న మేకుల టైర్లేమో షెడ్డులో ఉన్నాయి. క్రేను పెట్టి బండిని తీశారు, మనిషిని తీశారు. కుడి వెనక చక్రం మాత్రం రాళ్లకి కొట్టుకుని ఊడి ఎక్కడో అడుక్కి పోయింది. చక్రం కోసం ఎవరు వెతుకుతారు?

పెళ్లయిన రెండేళ్లలో ఆవిరి స్నానం గదిలో పక్కపక్కన కూర్చున్నప్పుడు తన వీపు ఒక్కసారి రుద్దని మనిషి, ఆ టైర్ల వీపు మాత్రం అంత ఓపిగ్గా రుద్దుతుంటే ఐలాకి ఒళ్లు మండేది.

"నా టైర్ల మేకులు అరిగిపోయాయి తౌనో. అవి ఊరికే వేలాడుతున్నాయిగా, నా బండికి వెయ్యరాదూ? బండి కూడా అదే రకమే కదా," అని కిందటేడు అడిగింది.

"అవి వద్దు."

"ఎందుకొద్దు?"

"అవి కైసువి," అన్నాడు తౌనో, కైసు పక్కగదిలో ఉన్నట్టు.

ఇక ఆమె అడగలేదు. మనసులో మాత్రం పెట్టుకుంది.

ఈ ఏడు మంచు తొందరగా పడింది. తౌనో బంగారు గనిలో పనిచేస్తాడు, ఒక వారం అక్కడ, ఒక వారం ఇంట్లో. మంచు పడే వేళకి ఇంకా ఎవరి చక్రాలూ మార్చకుండానే గనిలో ఉన్నాడు. ఐలా పొద్దున్నే బడికి వెళ్లి పిల్లలకి వండాలి. తన పాత టైర్ల వంక చూసింది, కైసు కొత్త టైర్ల వంక చూసింది. 'చచ్చినదానికి కొత్తవీ, బతికున్నదానికి అరిగినవీనా!' అనుకుంది. జాకీ తెచ్చింది. పానా తెచ్చింది. పళ్లు బిగించి నాలుగూ తనే బిగించేసింది. పని అయ్యాక నిలబడి చూసుకుంటే, సవతి నగ మెడలో వేసుకున్నంత సంబరంగా ఉంది.

బండి మాత్రం ఒప్పుకోలేదు. ఎదర పసుప్పచ్చ దీపం వెలిగించి ఆర్పకుండా కూర్చుంది. మర్నాడు బడి అవగానే ఐలా ఆర్వో షెడ్డుకి వెళ్లింది. ఆర్వో ఆ చుట్టుపక్కల అందరి బండ్లూ బాగుచేసే ముసలాయన. నోరు కొంచెం పెద్దది, చెయ్యి మంచిది.

"టైరు లోపల చిన్న యంత్రం ఉంటుంది అమ్మాయ్," అన్నాడు బండి కింద నుంచి లేస్తూ. "గాలి ఎంతుందో, వేడి ఎంతుందో బండికి చెప్తుంటుంది. నువ్వు పాత చక్రాలు తీసేశావు. నీ బండి ఇంకా వాటినే తలుచుకుంటోంది."

"పాతవాటిని మరిచిపోయేలా చెయ్యండి మరి."

"మరపించడమెంతసేపు! మీట నొక్కితే మరిచిపోతుంది."

"బండ్లకైతే అంత తేలికన్నమాట," అంది ఐలా పుల్లవిరుపుగా.

ఆర్వో నవ్వి, మీట నొక్కి, "ఇప్పుడు కొంచెం దూరం తోలు. తన చుట్టూ తిరిగే చక్రాలేవో అదే వింటుంది. విన్నవన్నీ తనవే అనుకుంటుంది," అన్నాడు.

ఐలా తోలింది. స్టీరింగు పక్క తెర మీద పైనుంచి చూసినట్టు బండి బొమ్మ, నాలుగు మూలలా నాలుగు గీతలు. కాసేపటికి ఎదర రెండు గీతలూ పోయి చక్రాల వేడి చెప్పే అంకెలొచ్చాయి. వెనక ఎడమది వచ్చింది. కుడి వెనకది గీతగానే ఉండిపోయింది. ఏళ్ల తరబడి వేలాడి ఆ ఒక్కదాని బ్యాటరీ చచ్చి ఉంటుందని ఆర్వో తేల్చేశాడు. మూడు పలుకుతున్నాయి కదా, చాల్లే అనుకుంది ఐలా.

శుక్రవారం సాయంత్రం గని బస్సు దగ్గర తౌనోని ఎక్కించుకుంది. ఆరు గంటలైంది. అప్పటికే చీకటి పడిపోయింది.

తౌనో బండి ఎక్కబోతూ ఆగాడు. వంగి చక్రం చూశాడు. గ్లౌజు తీసి మేకులు తడిమాడు. లోపలికొచ్చి కూర్చుని తలుపేసుకున్నాడు.

"ఎవరు మార్చారు?"

"నేనే. నాకు చేతుల్లేవా?"

"ఇంటికెళ్లగానే తీసేస్తా."

"తియ్యి చూద్దాం. రేపట్నుంచి నడుచుకుంటూ పోయి పిల్లలకి వండి పెడతా. ఆవిడ టైర్లు చక్కగా గోడకి తగిలించుకుని దణ్ణం పెట్టుకో!"

తౌనో గ్లౌజు మళ్లీ తొడుక్కున్నాడు. మేకులు రోడ్డు మీది మంచుని కరకరా నములుతున్నాయి. కుడివైపు చెట్లు పల్చబడి సరస్సు కనిపించింది. కనిపించడం అంటే చీకట్లో ఇంకాస్త నల్లగా ఉండడం. ఆ మలుపు వచ్చింది. ఆ మలుపులో తౌనో ఎప్పుడూ కళ్లు మూసుకుంటాడు. ఈసారి మూసుకోలేదు. తెర వంక చూస్తున్నాడు.

కుడి వెనక గీత పోయింది. అక్కడ అంకె వచ్చింది.

మిగతా మూడు చక్రాలూ మైనస్ పన్నెండు, పదమూడు దగ్గరున్నాయి. బయట అంత చలి. కుడి వెనకది మాత్రం ప్లస్ నాలుగు.

"అరే, బతికింది," అంది ఐలా.

తౌనో తెర మీదికి వంగాడు. అంకె మీంచి చూపు తిప్పలేదు. ఇంటి ముందు బండి ఆగాక, చక్రాలు తీసేస్తానన్న మాట మళ్లీ ఎత్తలేదు. భోజనం దగ్గర మాత్రం, "అవి ఉండనీ," అన్నాడు. గెలిచానని ఆ రాత్రి ఐలా హాయిగా నిద్రపోయింది.

తెల్లారాక, కిందటి సాయంత్రమే ముగ్గుపిండిలా పల్చగా పడ్డ కొత్త మంచు మీద బండి జాడలు కనిపించాయి. రెండు గాడులు. చక్కగా మేకుల చుక్కలతో. వాటి పక్కన మూడో గాడి. దానికి చుక్కల్లేవు. ఎండాకాలం టైరులా నున్నగా ఉంది. బండి ఆగినచోట ఆ గాడి ఆగలేదు. ఇంటి మెట్ల దాకా వచ్చింది… పక్కకి తిరిగి, పడగ్గది కిటికీ కింద దాకా వెళ్లింది. అక్కడితో సరి. వెనక్కి వెళ్లిన జాడ లేదు.

ఐలా ఆ గాడి వెంట కిటికీ దాకా నడిచి చూసింది. తర్వాత లోపలికెళ్లి చీపురు తెచ్చి, తౌనో లేవకముందే ఆ గాడినంతా ఊడ్చేసింది. మొగుడి చొక్కా మీద ఎవరిదో లిప్‌స్టిక్ మరక తుడుస్తున్నంత కసిగా ఊడ్చింది. భయం వేసిందా అంటే వేసింది. కానీ ఆ ఊడ్చేటప్పుడు కాదు.

ఆ వారమంతా ఐలా గమనించింది. తను ఒక్కతే బండిలో ఉంటే కుడి వెనక గీత గీతగానే ఉంటుంది. తౌనో ఎక్కితే, సరస్సు పక్కకి రాగానే అంకె వస్తుంది. ప్లస్ నాలుగు. బయట మైనస్ ఇరవై అయినా నాలుగే. ఎంతదూరం తోలినా నాలుగే. తౌనోకి కూడా ఆ సంగతి తెలిసిపోయింది. ఎన్నడూ దుకాణానికి వెళ్లని మనిషి పాలు తెస్తానని ఐలా బండిలో బయల్దేరాడు. కాఫీపొడి తెస్తానన్నాడు. డబ్బాలో కాఫీపొడి నిండా ఉండగానే వెళ్లాడు. పాల కోసం వెళ్లేవాడు గడ్డం గీసుకుని వెళ్లాడు!

'ఒసేయ్ కైసూ,' అనుకుంది ఐలా, స్టవ్ ముందు నిలబడి. 'సమాధిలో పడుకోవే హాయిగా. నాకున్నది ఈ ఒక్కడే.'

నవ్వులాటకి అనుకున్న మాట కాదది. నలభై ఏళ్లు దాటాక దొరికిన మనిషి తౌనో. పొయ్యి వెలిగించి ఇంకొకరి కోసం ఎదురుచూడ్డం ఆమెకి ఈ ఇంట్లోనే అలవాటైంది. అతను పోతే మళ్లీ ఒక్క కంచం, ఒక్క గ్లాసు. అది ఆమె ఒప్పుకోలేదు.

తౌనో గనికి వెళ్లిన వారం మళ్లీ ఆర్వో దగ్గరికి వెళ్లింది.

"ఏంటమ్మాయ్, గాలి చూపించుకోడానికా, గాలి వదిలించుకోడానికా?" అన్నాడు ముసలాయన. ఐలా నవ్వకపోయేసరికి తన యంత్రం తెచ్చి కుడి వెనక చక్రానికి ఆనించాడు. రెండుసార్లు ఆనించాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఇది చచ్చిందే. మాట్లాడట్లేదు."

"మరి ఆ అంకె?"

"ఇంకేదో చక్రానిది అయ్యుంటుంది. బండి నేర్చుకునేటప్పుడు దగ్గర్లో ఏది తిరిగితే దాన్ని తనదనుకుంది. ఒక్కోసారి అవుతుంటుందిలే. పక్కింటివాడి చక్రాన్ని పట్టుకుంటుంది."

"మా పక్కన ఇల్లే లేదు. నా పాత చక్రాలు షెడ్డులో ఉన్నాయి. వాటిదా?"

"ఊహూఁ. గోడకున్న చక్రం నిద్రపోతుంది. దొర్లితేనే మాట్లాడుతుంది." ఆర్వో మాట మధ్యలో ఆగాడు. "బండికి కూడా ఎంతో దూరం వినపడదు. ఇదిగో, ఇక్కణ్ణుంచి ఆ గోడదాకా."

ఇద్దరూ గోడ వంక చూశారు.

"అంటే," అంది ఐలా మెల్లిగా, "అంకె వచ్చినప్పుడు… ఒక చక్రం నా బండి పక్కనే దొర్లుతోందన్నమాట."

"అట్లా అని కాదు…" ఆర్వో టోపీ సర్దుకున్నాడు. "వేడి ఎంత చూపిస్తోంది?"

"నాలుగు. ఎప్పుడూ నాలుగే."

ముసలాయన మొహంలో నవ్వు పోయింది. "చేపలు పట్టేవాడినెవడినైనా అడుగు. పైన ఎంత గడ్డకట్టినా, సరస్సు అడుగున నీళ్లు చలికాలమంతా నాలుగే." ఆయన చక్రం దగ్గర కూర్చుని మేకుల మీద చెయ్యి పెట్టాడు. "ఇవెవరివి ఐలా?"

"కైసువి."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నాలుగేళ్ల కిందట క్రేను మీంచి కైసు బండిని దించుకున్నది ఆయన షెడ్డులోనే. మూడు చక్రాలు లెక్కపెట్టుకున్నదీ ఆయనే.

"తీసేస్తా. ఇప్పుడే. కాఫీ తాగేలోపు అయిపోతుంది."

ఐలా ఒప్పుకోవాల్సింది. నోటిదాకా వచ్చింది. కానీ ఈ చక్రాలు తీసేస్తే తౌనో ఏం చేస్తాడు? వాటిని తన బండికి బిగించుకుంటాడు. అప్పుడు ఒక్కడే తిరుగుతాడు, తనకి తెలియను కూడా తెలియదు. ఇప్పుడైతే కనీసం అంకె తన కళ్లముందు ఉంటుంది. "వద్దులెండి," అని బండెక్కింది.

తౌనో వచ్చిన శనివారం, అతను పాలకి బయల్దేరగానే తనూ కోటు వేసుకుంది. "నేనూ వస్తా."

"ఎందుకు, చలిలో?"

"ఎందుకేంటి? మొగుడితో బండిలో తిరగడానికి ఒక కారణం కావాలా?"

సాయంత్రం నాలుగున్నర. ఆకాశం అంచున కాసింత నీలం ఉండి అదీ పోయింది. సరస్సు పక్కకి రాగానే తౌనో రేడియో కట్టేశాడు. బండి నెమ్మది చేశాడు. కుడి వెనక… ప్లస్ నాలుగు. అతని పెదాలు కదిలాయి. ఐలా చెవులు రిక్కించింది.

"వచ్చావా," అంటున్నాడు అతను, అంకెతో. చాలా మెల్లిగా. ఆ గొంతు ఐలా ఎన్నడూ వినలేదు. తనతో ఆ గొంతుతో ఒక్కమాటా అనలేదు అతను.

ఐలా వింటూ ఊరుకోలేకపోయింది. చెయ్యి చాపి తన వైపు అద్దం దించేసింది.

చలి మొహాన కొట్టింది. ముందు ఏమీ వినపడలేదు, తమ మేకుల కరకర తప్ప. తర్వాత దాని కింద ఇంకో చప్పుడు. మెత్తగా. తడిగా. వానాకాలం రోడ్డు మీద టైరు పోతుంటే వచ్చే చప్పుడు… సుయ్‌మని. ఇక్కడ తడి ఎక్కడిది? రోడ్డంతా ఎండిపోయిన మంచు. చప్పుడు వెనక నుంచి మెల్లిగా ముందుకొచ్చింది. తన తలుపు పక్కకి. వాసన కూడా వచ్చింది. బురద. నీటి నాచు. మైనస్ ఇరవైలో, అన్ని వాసనలూ గడ్డకట్టిపోయే చోట, జూలై నెలలో పడవ కింద వచ్చే వాసన…

చేత్తో తాకేటంత దగ్గరగా ఉంది. ఐలా తల తిప్పలేకపోయింది.

"అద్దం ఎత్తు," అన్నాడు తౌనో.

"అది… అది నా పక్కకొచ్చింది."

"నీ కోసం కాదు," అన్నాడు అతను. విసుగ్గా.

ఆ మూడు మాటలే ఆమెకి గుచ్చుకున్నాయి. పక్కన దొర్లుతున్నదాని కంటే ఎక్కువ గుచ్చుకున్నాయి. అద్దం ఎత్తేసి, ఇల్లు వచ్చేదాకా మొహం అటు తిప్పుకుని ఏడ్చింది.

జనవరి వచ్చింది. సరస్సు మీద మంచు లారీని మోసేంత మందమైంది. ఊరివాళ్లు ఎప్పట్లాగే అవతలి ఒడ్డుకి బండ్లు పోయేలా మంచు మీద దారి చేసి, గుర్తుగా అటూ ఇటూ దేవదారు కొమ్మలు పాతారు. తౌనో రోజూ కిటికీలోంచి ఆ కొమ్మల వరస చూస్తూ కూర్చునేవాడు. ఓ సాయంత్రం లేచి ఐలా బండి తాళంచెవి తీసుకున్నాడు.

"ఇవాళ మంచు మీదికి వెళ్తా."

"ఏం పని?"

"అక్కడైతే ఇంకా దగ్గరగా వస్తుంది."

దాపరికం కూడా లేదు ఇక. ఐలా తలుపుకి అడ్డంగా నిలబడింది. "చచ్చిపోయి నాలుగేళ్లయిన మనిషికి నువ్వంటే అంత ప్రేమా? బతికున్న నేను కనపడనా నీకు?"

"ప్రేమే. వెళ్లిపోయిందనుకున్నా కదా. వెళ్లలేదు, చూశావా."

"ఎక్కడికి వెళ్లడం?"

తౌనో తాళంచెవి వేళ్ల మధ్య తిప్పాడు. "అవతలి ఒడ్డుకి," అన్నాడు చివరికి. "అక్కడొకడున్నాడు, వాడి దగ్గరికి. ప్రతి శుక్రవారం పోయేది. అక్కకి ఒంట్లో బాగాలేదని చెప్పి పోయేది. నాకు తెలుసు. అడగలేదు."

"తౌనో…"

"ఆ అక్టోబరులో చక్రాలు మార్చమని రోజూ అడిగింది. రేపన్నా, ఎల్లుండన్నా. కావాలనే మార్చలేదు. జారే రోడ్డు మీదికి పోదులే అనుకున్నా. ఆ టైర్లతో పోదనుకున్నా." అతను తల ఎత్తాడు. కళ్లు మెరుస్తున్నాయి. "పోయింది. కానీ ఇప్పుడు వాడి దగ్గరికి పోవట్లేదు ఐలా. నా దగ్గరికే వస్తోంది. రోజూ."

ఐలా వీపుతో తలుపుని గట్టిగా నొక్కింది. ఇంత చేసినవాడి వెంట ప్రేమతో ఎవరొస్తారు? 'అది నిన్ను చూసుకోడానికి రావట్లేదు, వెళ్లకు' అన్నమాట నాలుక చివర ఉంది. ఆ ఒక్కమాట అంటే చాలు. అతని చెయ్యి పట్టుకుని ఆపితే చాలు.

అప్పుడు అతని స్వెట్టరు చూసింది. కైసు అల్లిన నీలం స్వెట్టరు. ఈ రెండేళ్లలో ఎప్పుడూ పెట్టెలోంచి తియ్యనిది. తల దువ్వుకున్నాడు. పెళ్లికొడుకులా తయారయ్యాడు.

"వెళ్లు," అంది ఐలా. తలుపు దగ్గర్నుంచి పక్కకి జరిగింది. "నీ పెళ్ళాం దగ్గరికే వెళ్లు."

అతను వెళ్లాడు.

ఐలా కిటికీలోంచి చూసింది. రెండు ఎర్రదీపాలు ఒడ్డు దిగి మంచు మీదికెక్కాయి. కొమ్మల మధ్య చిన్నవవుతూ పోయాయి. నడిమధ్యలో ఆగాయి. ముందు దీపాల వెలుగు మంచు మీద పొడుగ్గా పరుచుకుంది. ఆ వెలుగులోంచి ఏదో దాటింది. నల్లగా, ఎత్తు తక్కువగా. కాసేపాగి మళ్లీ దాటింది. అదే వైపు నుంచి.

బండి చుట్టూ తిరుగుతోంది.

ప్రతిసారీ ఇంకాస్త దగ్గరగా… ఇంకాస్త తొందరగా…

ఐలా ఫోను అందుకుంది. తొందరలో అంకెలు తప్పు నొక్కింది. "వచ్చెయ్ తౌనో, వచ్చెయ్," అని కిటికీ అద్దానికి చెప్పింది. మళ్లీ తల ఎత్తేసరికి వెలుగులో ఏమీ దాటడం లేదు. ఎర్రదీపాలు కదలకుండా అలాగే వెలుగుతున్నాయి.

ఐలా పిలిస్తే ఊరివాళ్లు మంచు బండ్లేసుకుని వెళ్లారు. ఇంజను నడుస్తూనే ఉంది. లోపల వెచ్చగా ఉంది. తలుపులు లోపల నుంచి తాళం వేసున్నాయి. తౌనో లేడు. మంచు ఎక్కడా పగల్లేదు, బీట కూడా లేదు. అడుగుల జాడ లేదు. బండి చుట్టూ మాత్రం ఒంటి చక్రం గాడి, చుట్టలు చుట్టలుగా. ఎడమ ముందు చక్రం లేదు. ఆ మూల కింద ఆనుకోడానికి ఏమీ లేకపోయినా బండి ఒరగకుండా సమంగా నిలబడి ఉంది. ఎవరో చెయ్యి వేసి కదిపేసరికి అప్పుడు కూలబడింది.

"ఆయనకి మంచు మీద సీటు బెల్టు పెట్టుకునే అలవాటుందా?" అని అడిగింది పోలీసామె.

"ఎవరూ పెట్టుకోరు. మంచు విరిగితే దూకాలి కదా," అంది ఐలా.

పోలీసామె అది రాసుకుంది. తౌనో కూర్చున్న ఖాళీ సీటుకి బెల్టు బిగించే ఉందని తర్వాత ఆర్వో చెప్పాడు.

నెలాఖరుకి బండి తిరిగి ఇచ్చారు. ఆర్వో నాలుగూ మార్చేస్తానని పట్టుబట్టాడు. ఇవి చూస్తుంటేనే నాకు తిండి సయించట్లేదన్నాడు. "లేనిదొక్కటి వెయ్యండి చాలు," అంది ఐలా. ఎందుకని అడిగితే ఏమని చెబుతుంది? తౌనో చచ్చాడా బతికాడా అని కాదు ఆమెకి నిద్రపట్టనిది. అతను ఒక్కడే ఉన్నాడా, ఆవిడతో ఉన్నాడా అని. ఈ మాట ముసలాయనతో ఎలా అంటుంది? ఆయన తిట్టుకుంటూ, లోపల ఏ యంత్రమూ లేని ఉత్త చక్రం ఎడమ ముందు బిగించి ఇచ్చాడు.

గురువారం. బళ్లో బఠాణీ సూపు వండి, గిన్నెలు కడిగి, మూడున్నరకి బయల్దేరింది. కోటు చేతులకి ఇంకా సూపు వాసనే. తెర మీద రెండు అంకెలు, రెండు గీతలు. కుడి ముందు మైనస్ పద్నాలుగు, ఎడమ వెనక మైనస్ పద్నాలుగు. చెట్లు పల్చబడ్డాయి. సరస్సు వచ్చింది.

మలుపు దాటింది. ఏమీ లేదు. ఊపిరి వదిలింది.

కుడి వెనక గీత పోయింది… ప్లస్ నాలుగు.

తను ఒక్కతే ఉంది బండిలో. అయినా వచ్చింది.

ఎడమ ముందు గీత పోయింది… ప్లస్ నాలుగు.

ఐలా అద్దం దించింది. దించకుండా ఉండలేకపోయింది. చీకట్లో సుయ్‌మని ఆ తడి చప్పుడు. దాన్ని ఆనుకుని ఇంకో చప్పుడు. మేకుల చప్పుడు, కరకరా. తన బండిది కాదు. రెండూ ఒకే వేగంతో, పక్కపక్కన, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతున్నాయి. ఒకటి వెనకబడితే ఇంకోటి ఆగుతోంది. మళ్లీ కలిసి కదులుతున్నాయి. తన బండిని పట్టించుకోవడం లేదు.

భయం రాలేదు. అంతకంటే ముందే ఆ పాత మంట వచ్చేసింది. 'ఇద్దరూనా! నన్నిలా రోడ్డు మీద ఒదిలేసి, ఇద్దరూ కలిసి తిరుగుతారా!'

చప్పుళ్లు రోడ్డు దిగాయి. ఒడ్డు దాటి మంచు మీదికి, దేవదారు కొమ్మల మధ్యకి పోతున్నాయి. అంకెలు తెర మీద మినుకుమినుకుమంటున్నాయి, దూరమవుతున్నందుకు. ఎదురుగా కొండ మీద తన ఇంటి దీపం కనిపిస్తోంది. రోడ్డు నేరుగా అక్కడికే పోతుంది.

ఎవరూ ఆమెని పిలవలేదు. ఎవరూ రమ్మనలేదు. ఐలా తనంతట తనే స్టీరింగు తిప్పింది. బండి ఒడ్డు దిగి, మంచు మీద కుదుపుతో పడి, నిలదొక్కుకుంది. కొమ్మలు ఒక్కొక్కటీ వెలుగులోకొచ్చి వెనక్కి పోతున్నాయి. ఇంకొంచెం వేగం పెంచింది. ఆ ఇద్దరినీ అందుకోవాలి. మధ్యలోకి దూరాలి.

అంకెలు మళ్లీ నిలకడగా వెలిగాయి. దగ్గరికొచ్చేసింది. కుడి వెనక నాలుగు. ఎడమ ముందు నాలుగు.

కుడి ముందు మైనస్ పద్నాలుగు… మైనస్ తొమ్మిది.

ఐలా చూసింది.

మైనస్ రెండు… సున్నా… ప్లస్ మూడు.

ప్లస్ నాలుగు దగ్గర ఆగింది. అది తన బండి కింద ఉన్న చక్రమే. సూపు వాసన పోయి బండి లోపలంతా నీటి నాచు వాసన నిండింది. కాళ్ల దగ్గర చల్లగా నీళ్లు తగిలాయి. ఎడమ వెనక చక్రం ఒక్కటే ఇంకా మైనస్‌లో ఉంది. అదీ ఎక్కుతోంది.